మా గది కంప్యూటరు – ఒక మరమ్మతు

తెలుగు బోధించేవాడు కంప్యూటరు మరమ్మతును గురించి వ్రాయడమేమిటని సంపాదకవర్గంలోని మిత్రులు ఆశ్చర్యపడవచ్చు. ఈ సంచికకు ఏటేటా నేను శతకాల మీదనో, ప్రబంధాల మీదనో ఒక వ్యాసం సమర్పించుకుంటూ వస్తున్నాను. ఈసారి కూడా వేమన మీద సగం వ్రాసి పెట్టుకున్నాను. కాని 2024 డిసెంబరులో మా శాఖ గదిలో జరిగిన ఒక చిన్న సంఘటన ఆ వ్యాసాన్ని ప్రక్కన పెట్టించినది. అందులో నా తప్పు ఒకటి ఉన్నది. దానిని నలుగురి ముందు చేశాను గనుక నలుగురు చదివేచోటనే చెప్పుకోవడం న్యాయమని తోచినది.

శాఖ గది అంటే తెలుగు, ఉర్దూ శాఖలు రెండింటికీ ఉమ్మడిగా ఉన్న గది. అందులో కిటికీ ప్రక్కన, 2007లో కొన్న డెస్క్‌టాప్ కంప్యూటరు ఒకటి కలదు. దాని తెల్లని పెట్టె పాత పుస్తకం కాగితంలా పసుపుబారినది. అది నేటికీ విండోస్ ఎక్స్‌పీ మీదనే నడుస్తుంది. ఆ ఎక్స్‌పీకి దానిని తయారుచేసిన మైక్రోసాఫ్ట్ వారే 2014 ఏప్రిల్ 8న మద్దతు నిలిపివేశారు. ఇంటర్నెట్టు తీగను మేము ఏనాడో పీకివేశాము. దానిని పాత సామానులో వేయమని కార్యాలయం వారు రెండుసార్లు చెప్పినా మేము వినలేదు.

కారణం మా ఉర్దూ శాఖ పూర్వాధ్యక్షులు. వారిని అందరమూ ఉస్తాద్ సాబ్ అనేవాళ్లం. వారు తెలుగులో స్థిరపడిన పారశీక, అరబ్బీ మాటలను పదకొండేండ్లపాటు పోగుచేశారు. దుకాణం, జేబు, కాగితం, ఖర్చు, వకీలు, ఫిర్యాదు, రాజీనామా, బాకీ, జమ వంటివి అందరికీ తెలిసినవే. వారు అక్కడితో ఆగక సంతలకు వెళ్లారు, దస్తావేజులు వ్రాసేవారి దగ్గర కూర్చున్నారు, మగ్గాల వారిని, మేకల వ్యాపారులను అడిగారు. ఒక్కొక్క మాటను చీటీ మీద వ్రాసి, తరువాత ఈ కంప్యూటరులో ఎక్కించారు. కుడి వరుసలో ఉర్దూ, ఎడమ వరుసలో తెలుగు, మధ్యలో ఆ మాట విన్న ఊరు. మూడు వేలకు పైగా మాటలు. పదవీ విరమణ తరువాత కూడా మధ్యాహ్నం నమాజు కాగానే వచ్చి ఆ కుర్చీలో కూర్చునేవారు. 2021లో వారు కాలధర్మం చెందారు. చీటీలున్న అట్టపెట్టెను విప్పి చూస్తే చెదలు తిని పోగా మిగిలినది పిండి మాత్రమే. కనుక ఆ కృషి అంతా ఈ పెట్టెలోనే ఉన్నది.

పైగా దానిని మరో కంప్యూటరులో తెరవడం తేలిక కాదు. వారు వాడిన ఉర్దూ అక్షరకూర్పు సాధనానికి తాళంచెవి వంటి చిన్న ముక్క ఒకటి ఉన్నది. పెట్టె వెనుక, పాత ప్రింటర్ల తీగ తగిలించే ఇరవై ఐదు రంధ్రాల ద్వారంలో దానిని గుచ్చితేనే ఆ సాధనం తెరుచుకుంటుంది. ఈనాటి కంప్యూటర్లకు ఆ ద్వారమే ఉండదు. తెలుగు వరుస కూడా యూనికోడు రాక పూర్వపు పద్ధతిలోని ఖతి. వేరే యంత్రంలో తెరిస్తే ‘అమ్మ’ ఉండవలసిన చోట ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు కనబడతాయి.

ఈ మాటల పట్టికను కొత్త పద్ధతిలోనికి మార్చి ఈ సంచికలో భాగాలుగా ప్రకటించాలని తలచాము. బి.ఎస్‌సి. రెండవ సంవత్సరం విద్యార్థిని ఒకరు ఆ పనికి ముందుకు వచ్చినది. పదవ తరగతి వరకు ఉర్దూ మాధ్యమంలో చదివిన అమ్మాయి. తెలుగు టైపు కూడా చక్కగా చేస్తుంది. నవంబరు నుండి రోజూ సాయంత్రం ఒక గంటసేపు కూర్చుని, తెర మీది మాటలను చూచి తన పుస్తకంలోనికి ఎక్కించుకుంటూ ఉండేది.

డిసెంబరు రెండవ వారంలో ఒక ఉదయం నేను బటన్ నొక్కాను. లోపలి ఫ్యాను ఒక్క క్షణం తిరిగి ఆగినది. రెండు క్షణాల తరువాత మళ్లీ తిరిగినది, మళ్లీ ఆగినది. తెర నల్లగా ఉండిపోయినది. పదిసార్లు నొక్కినా అదే తంతు. నాకు కాళ్లలో సత్తువ పోయినట్లయినది. ఆ సమయానికే ఆ అమ్మాయి ఏదో కాగితం మీద సంతకం కొరకు గదిలోనికి వచ్చినది. ఇద్దరు సహోపాధ్యాయులు, నలుగురు విద్యార్థులు అక్కడే ఉన్నారు. “నిన్న సాయంత్రం చివరగా కూర్చున్నది నువ్వే కదా! ఏం నొక్కావు? ఏం పీకావు?” అన్నాను. నా గొంతు హెచ్చు స్థాయిలోనే ఉండి ఉంటుంది. ఆ అమ్మాయి ఏదో చెప్పబోయి ఆగిపోయినది. కాగితం బల్ల మీద పెట్టి, సంతకం తీసుకోకుండానే వెళ్లిపోయినది. మరునాడు గదికి రాలేదు. ఆ మరునాడు కూడా రాలేదు.

ఊరిలోని ఒక మెకానిక్కును పిలిపించాము. ఆయన మూత తీసి, టార్చి వేసి, అయిదు నిమిషాలలో తీర్పు చెప్పారు: మదర్‌బోర్డు పోయినది, ఈ రకం బోర్డులు ఇప్పుడు రావు, కొత్తది కొనుక్కోండి. ఆయనను నేను తప్పుపట్టను. పదిహేడేండ్ల యంత్రానికి ఎవరైనా ఆ మాటే చెబుతారు. నూరు రూపాయలు తీసుకుని వెళ్లిపోయారు.

ఆ రాత్రి మా నాన్నగారితో ఈ సంగతి చెప్పాను. వారు ముప్పది ఏండ్లకు పైగా బజారులో రేడియోలు, టేపురికార్డర్లు, తరువాత టెలివిజన్లు బాగుచేశారు. నన్ను మాత్రం ఆ బల్ల దగ్గరకు రానిచ్చేవారు కాదు. ‘నీ చేతికి సీసం అంటకూడదు, సిరా అంటాలి’ అనేవారు. సిరా అంటినది గాని, కాలిన కండెన్సరుకూ బాగున్న దానికీ తేడా తెలియకుండానే తిరుపతిలో యం.ఏ. పూర్తిచేసి వచ్చాను. ఇప్పుడు వారికి చూపు మందగించినది, చేయి వణుకుతున్నది. నేను చెప్పినదంతా విని ఒకే ప్రశ్న అడిగారు.

“పోయే ముందు ఏమేం చేసింది?”

“తెలియదు అబ్బా.”

“రోజూ దాని దగ్గర కూర్చునేది ఎవరు?”

చెప్పాను. ఆ అమ్మాయిని నేను అన్న మాట కూడా చెప్పాను. వారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “రేడియో తెచ్చినవాణ్ణి కూర్చోబెట్టి అడిగేవాణ్ణి. ఎప్పటి నుంచి, ఏ వేళప్పుడు, ఎండలోనా చలిలోనా అని. సగం రోగం వాడి నోటనే వచ్చేది. నువ్వు ఆ చెప్పే మనిషినే పంపించేశావు” అన్నారు. మరి కొంతసేపటికి, “పోయి ఆ పాపను అడుగు. దానికంటే ముందు ఇంట్లో ఉన్న వస్తువు బయటికి తియ్యి” అన్నారు. వస్తువు అంటే హార్డ్ డిస్కు అని నాకు అర్థం కావడానికి కొంత సమయం పట్టినది.

మరునాడు ఉదయం ఆ పని మొదట చేశాను. విద్యార్థి మిత్రులు దీనిని గుర్తుపెట్టుకోవాలి. కంప్యూటరు లేవకపోయినంత మాత్రాన అందులోని వ్రాతలు పోయినట్లు కాదు. వ్రాతలు ఉండేది డిస్కులో. మదర్‌బోర్డు చచ్చినా డిస్కు బ్రతికే ఉండవచ్చు. నాలుగు మరలు విప్పి దానిని బయటకు తీసి, యూఎస్‌బీకి కలిపే తీగతో కార్యాలయపు కంప్యూటరుకు తగిలించాము. డిస్కు టిక్కు టిక్కుమని కొట్టుకోలేదు, నెమ్మదిగా తిరిగినది. ఉస్తాద్ సాబ్ ఫైలు అక్కడే ఉన్నది. రెండు చోట్ల నకలు తీశాము. నకలు అన్న మాట కూడా వారి పట్టికలోనిదే. అరబ్బీ నుండి ఉర్దూ మీదుగా మనకు వచ్చినది. మాట మన దగ్గర తరతరాలుగా ఉన్నా, ఆ ఫైలుకు ఒక్క నకలైనా తీసిపెట్టాలన్న ఆలోచన ఇన్నేండ్లలో మాలో ఒక్కరికీ రాలేదు. ఫైలు తెరిస్తే నేను పైన చెప్పిన ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులే. దొరికిన మార్పిడి సాధనాలు ఉర్దూ వరుసను కొంత తెచ్చాయి గాని, తెలుగు వరుసను ఛిన్నాభిన్నం చేశాయి. వస్తువు చేతికి వచ్చినది, తాళం మాత్రం పాత యింట్లోనే ఉండిపోయినది. యంత్రం లేవవలసిందే.

ఆ మధ్యాహ్నం గ్రంథాలయం వరండాలో ఆ అమ్మాయి కనబడినది. తొందరపడి మాట అన్నాను, తప్పు నాది అన్నాను. తల వంచుకుని, “పరవాలేదు సార్” అన్నది. పోయేముందు యంత్రం ఏం చేసేదమ్మా అని అడిగాను. అప్పుడు తల ఎత్తి చూచినది.

“మీకు చెప్పాను సార్.”

నిజమే. ఆ అమ్మాయి చెబుతూ ఉంటే ఒక్కొక్కటిగా జ్ఞాపకం వచ్చినవి. నవంబరు చివర తేదీ తప్పు చూపుతున్నదని చెప్పినది. ఎన్నిసార్లు సరిచేసినా మరునాటికి 2007 జనవరి 1కి వెళ్లిపోతున్నదట. ‘తారీఖుతో నీకేం పని, నువ్వు మాటలు ఎక్కించు’ అన్నాను. డిసెంబరు మొదటివారంలో, సెలవునాడు ఉదయం వచ్చి కూర్చుంటే మూడు నాలుగు సార్లు నొక్కితే గాని లేవడం లేదని, సాయంత్రం మాత్రం ఒక్కసారికే లేస్తున్నదని చెప్పినది. ‘పాతది కదా’ అన్నాను. దానికదే ఆగి మళ్లీ మొదలవుతున్నదని కూడా చెప్పినది. దానికి నేను ఏమన్నానో నాకు జ్ఞాపకం లేదు. ఆ అమ్మాయికి ఉండి ఉంటుంది, చెప్పలేదు.

ఈ మూడింటిని ఇంటికి వెళ్లి అప్పజెప్పితే నాన్నగారు మంచం మీద లేచి కూర్చున్నారు. “ఉదయం చలికి లేవకపోవడం, కాక తగిలితే లేవడం. కండెన్సరు” అన్నారు. చలికాలం ఉదయాన బొమ్మ ఆలస్యంగా వచ్చే టెలివిజన్లలో వారు ఎన్నింటికో ఆ మందే వేశారట. “అయినా నేను చెప్పానని నమ్మవద్దు. ఒక్కొక్కటి చూచుకుంటూ రా. ఒకసారికి ఒకటే మార్చు. రెండు మార్చి బాగైతే ఏది బాగైందో తెలియదు.”

రెండు ఆదివారాలు ఆ పనిలో గడిచాయి. మొదట గోడలోని ప్లగ్గు, తరువాత కరెంటు తీగ. రెండూ బాగున్నాయి. తరువాత ఎస్.ఎం.పీ.ఎస్., అనగా ఇంటి కరెంటును కంప్యూటరుకు కావలసిన తక్కువ వోల్టులుగా మార్చే ఇనుప పెట్టె. బోర్డు నుండి దాని ఇరవై నాలుగు సూదుల ప్లగ్గును తీసి, అందులో ఆకుపచ్చ తీగను నల్ల తీగతో ఒక కాగితపు క్లిప్పు ద్వారా కలిపితే, బాగున్న పెట్టె తానే లేచి ఫ్యాను త్రిప్పుతుంది. మాది లేచినది. నాన్నగారి పాత మల్టీమీటరుతో కొలిస్తే పసుపు తీగలో 12.1, ఎర్ర తీగలో 5.08, నారింజ తీగలో 3.3 వోల్టులు. అయిదు శాతం అటూఇటూ ఉండవచ్చునట. కనుక పెట్టె బాగున్నట్లే. బరువు లేకుండా కొలిచినప్పుడు బాగున్నది బరువు పడితే కుంగిపోవచ్చునని నాన్నగారు హెచ్చరించారు. కనుక సందేహం కొంత మిగుల్చుకున్నాము. ఒక్క జాగ్రత్త చెప్పాలి. ఆ ఇనుప పెట్టెను మాత్రం ఎవరూ విప్పకూడదు. 230 వోల్టుల కరెంటు అందులో దాదాపు 325 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా నిలువ ఉంటుంది. ప్లగ్గు తీసివేసిన తరువాత కూడా కొంతసేపు అక్కడే ఉండి చేతిని కొట్టగలదు.

అటు తరువాత బోర్డు మీద తప్పనిసరి కానివన్నీ తీసివేశాము. మెమొరీ కడ్డీలు రెండింటినీ తీసి, వాటి బంగారు రంగు అంచులను పెన్సిలు తుడిచే రబ్బరుతో మెల్లగా తుడిచాము. ఒకటి పెట్టి చూశాము, రెండవది పెట్టి చూశాము, రెండూ లేకుండా చూశాము. మెమొరీ లేకపోతే బాగున్న బోర్డు బీపు బీపుమని మొర పెట్టుకోవాలి. మాది మూగగా ఉన్నది. అంటే మెమొరీని వెదికేంత వరకు కూడా అది రావడం లేదు.

బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే బ్యాటరీని కొలిచాము. కరెంటు లేని వేళ గడియారాన్ని నడిపేది అదే. మూడు వోల్టులు ఉండవలసిన చోట రెండు మాత్రమే ఉన్నది. గడియారాల దుకాణంలో కొత్తది దొరికినది. దానిపై 2032 అని ఉంటుంది. ఇరవై మిల్లీమీటర్ల వ్యాసం, 3.2 మిల్లీమీటర్ల మందం అని దాని అర్థం. తేదీ ఎందుకు తప్పుతున్నదో తేలిపోయినది. యంత్రం మాత్రం లేవలేదు. ఒక రోగికి రెండు రోగాలు ఉండకూడదని నియమమేమీ లేదు కదా.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. 1947 సెప్టెంబరు 9న అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయపు మార్క్ 2 అనే యంత్రంలో పొరపాటును వెదుకుతూ పోతే ఒక రిలేలో రెక్కల పురుగు దొరికినదట. దానిని అక్కడివారు దినచర్య పుస్తకంలో అంటించారు. ఆ పుట నేటికీ స్మిత్సోనియన్ సంస్థవారి దగ్గర భద్రంగా ఉన్నది. మూత తీసేటప్పుడు నేనూ అటువంటిదేదో దొరుకుతుందని ఆశపడ్డాను. చీమలో, బల్లి పిల్లో ఏదైనా సరే, బయటి నుండి వచ్చిన దోషి దొరికితే మనసుకు ఎంత హాయి! దొరికినది దుమ్ము. ప్రాసెసరు మీది అల్యూమినియం రేకుల మధ్య అది దూదిలా పేరుకుని ఉన్నది. గది ఊడ్చేవేళ కిటికీ తలుపు వేయమని ఏనాడూ చెప్పనివాళ్లం మేమే.

దుమ్ము దులిపి టార్చి వేస్తే ప్రాసెసరు ప్రక్కన చిన్న డబ్బాల వరుస కనబడినది. పాఠ్యపుస్తకాలలో కెపాసిటరు, బజారులో కండెన్సరు. వాటి నెత్తి మీద గీతలు కోసి ఉంటాయి. లోపల ఆవిరి పుడితే డబ్బా పేలిపోకుండా ఆ గీతల వద్ద చీలడానికి. నెత్తి చదునుగా ఉంటే ఆరోగ్యం. మా వరుసలో మూడు పూరీలా ఉబ్బి ఉన్నాయి. నాలుగవదాని మీద గోధుమ రంగు పొక్కు కట్టినది. పన్నెండు వోల్టుల కరెంటును ప్రాసెసరుకు కావలసిన ఒక వోల్టు పైచిలుకుకు దించినప్పుడు అందులోని ఒడుదుడుకులను నున్నగా చేసేవి ఇవే. లోపలి తడి ఆరిపోతే ఆ శక్తి తగ్గుతుంది. చలికి మరింత తగ్గుతుంది. సరియైన కరెంటు అందలేదని బోర్డు తెలుసుకుని తానే ఆగిపోతుంది, మళ్లీ ప్రయత్నిస్తుంది. మా ఫ్యాను తిరిగి ఆగడం అదే. వీటిలో అనేకం 105 డిగ్రీల వద్ద 2000 గంటలు పనిచేస్తాయని లెక్క. వేడి పది డిగ్రీలు తగ్గినకొద్దీ ఆయుర్దాయం రెట్టింపు అవుతుంది. దుమ్ము మూసిన పెట్టెలో జరిగేది దీనికి తలక్రిందులు. పైగా ఆ కాలపు బోర్డులలో నాసిరకం కండెన్సర్లు పడి ముందుగానే ఉబ్బిపోవడం అనేక దేశాలలో అందరూ ఎరిగిన సంగతి. ఒక్క సాయంత్రం ఎవరో ఏదో నొక్కినందువలన కండెన్సరు ఉబ్బదు. అది నెలల తరబడి ఉబ్బుతూ వచ్చినది.

నాన్నగారి దగ్గర చిన్నప్పుడు పని నేర్చుకున్న అతను ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం నడుపుతున్నాడు. బోర్డును అక్కడికి తీసుకుని వెళ్లాము. 6.3 వోల్టులు, 1500 మైక్రోఫారడుల కండెన్సర్లు నాలుగు తెప్పించాడు. విప్పే ముందు ఏ కాలు ఎటు ఉన్నదో ఫోటో తీసుకున్నాడు. ధన ఋణాలు తారుమారైతే కొత్తది కూడా పగిలిపోతుంది. ఇటువంటి బోర్డు లోపల రాగి పొరలు ఉంటాయి. అవి సోల్డరింగ్ ఐరన్ వేడిని త్రాగివేస్తాయి గనుక సీసం కరగదు. మొదటిదానికే అరగంట పట్టినది. నాన్నగారు ముక్కాలిపీట మీద కూర్చుని, ఏమీ కనబడకపోయినా, వాసన పట్టి “చాలు, తియ్యి, ఇంకా కాలిస్తే రాగి లేస్తుంది” అంటూ ఉన్నారు. అతను “అలాగే ఉస్తాద్” అంటూ తీస్తూ ఉన్నాడు. ఆ బల్ల దగ్గర నేను నిలబడడం అదే మొదటిసారి.

సోమవారం ఉదయం అన్నీ తగిలించాము. ఆ రోజు ఆ అమ్మాయిని రమ్మని కబురు చేశాను. వెనుకటి రోజు గదిలో ఉన్నవారిలో అయిదుగురు ఉన్నారు. బటన్ నొక్కక మునుపే, ఈ యంత్రానికి వచ్చిన రోగాన్ని ఈ అమ్మాయి మూడుసార్లు నాకు చెప్పినదని, నేను వినక తిరిగి ఆమెనే నిందించానని వారి ముందు చెప్పాను. ఆ అమ్మాయి ఇబ్బందిపడి కిటికీ వైపు చూచినది. బటన్ నొక్కితే ఫ్యాను తిరిగినది. ఆగలేదు. ఒక్క బీపు వినబడినది. గడియారం లెక్క తప్పినదని తెర మీద తెల్లని అక్షరాలు వచ్చినవి.

“తారీఖు సరిచేయండి సార్” అన్నది ఆ అమ్మాయి.

నువ్వే చెయ్యమ్మా అని కుర్చీ ఇచ్చాను.

తాళపు ముక్క తన చోట తానున్నది. ఫైలు తెరుచుకున్నది. ఉర్దూ ఒకవైపు, తెలుగు ఒకవైపు, నడుమ ఊళ్ల పేర్లు. ఉస్తాద్ సాబ్ ఎక్కడ ఆపారో చూద్దామని ఆ అమ్మాయి చివరికంటా వెళ్లినది. పని లామ్ అక్షరంలో ఆగి ఉన్నది. చివరి మాట ‘లగాయతు’. మన దస్తావేజులలో ‘ఫలానా తేదీ లగాయతు’ అంటే ఆ తేదీ మొదలుకొని అని అర్థం. ఉర్దూలో ఆ మాటకు అర్థం ‘వరకు’. దారిలో ఎక్కడనో అర్థం అటుదిటు అయినది. ఆ సంగతిని వారు ప్రక్కన రెండు పంక్తులలో వ్రాసి, ఊరి పేరు వ్రాయవలసిన గడిని ఖాళీగా వదిలివేశారు.

ఇప్పుడు ఆ అమ్మాయితో పాటు ఉర్దూ శాఖ విద్యార్థులు ముగ్గురు సాయంత్రాలు కూర్చుంటున్నారు. అలిఫ్, బే పూర్తి అయినవి. ఆ భాగం ఈ సంచికలోనే మరొక చోట ఉన్నది. యంత్రం ప్రక్కన ఒక నోటు పుస్తకం త్రాడుతో కట్టి ఉంచాము. అది ఏ రోజు ఏ విధంగా లేచినదో, ఏం వింత చేసినదో కూర్చున్నవారు అందులో వ్రాస్తారు. శుక్రవారం నాడు నేను చదివి క్రింద సంతకం చేస్తాను. పోయిన వారం ఫ్యాను కొంచెం గరగరమంటున్నదని వ్రాసి ఉన్నది.